పెద్దమ్మ పేరుతో వచ్చిన మందు

ఫోన్లో పెద్దమ్మ ఫోటో పక్కన, ఆన్‌లైన్లో ఉన్నట్టు, పచ్చ చుక్క వెలిగింది.

నా చేతిలో గిన్నె ఉంది. చెవి మిషన్లకు తగిలించే చెవి అచ్చుల కోసం కలిపే ముద్ద ఒకసారి కలిపాక ఆగదు, గట్టిపడకముందే పోసెయ్యాలి. ఫోను ఎదురుగా సున్నపు డబ్బాకు ఆనించి ఉంది. ఆ చుక్కను చూస్తూ ఉండిపోయాను. గిన్నెలో ముద్ద గరిటెతో సహా రాయిలా బిగుసుకుంది.

పెద్దమ్మ పోయి ఏడాది దాటింది.

చుక్క వెలిగిన కాసేపటికి ఆమె పేరుతో ఒక సందేశం వచ్చింది. "తల్లులందరికీ శుభవార్త. ఇక చెవి మిషన్లతో పనిలేదు. ఈ మూలికల చుక్కలు ఉదయం, సాయంత్రం చెవిలో వేయండి. మిషను తీసి పక్కన పెట్టండి. మీ బిడ్డకు తేడా మీకే తెలుస్తుంది." కింద ఒక సీసా బొమ్మ, నవ్వుతున్న పసివాడి బొమ్మ, ఒక ఫోన్ నంబరు.

వినపడని పిల్లల తల్లుల గ్రూపు అది; ఇలాంటివి అందులో కొత్త కాదు. అప్పులిస్తామనేవాళ్లు, లావు తగ్గిస్తామనేవాళ్లు, లాటరీ తగిలిందనేవాళ్లు తలుపు సందులోంచి బొద్దింకల్లా దూరుతూనే ఉంటారు. నిర్వాహకురాలిగా వాళ్లను ఏరిపారెయ్యడం నా పని. భోజనం చేస్తూ ఎడమచేత్తో తీసేస్తాను. కానీ ఇది పెద్దమ్మ పేరు. పెద్దమ్మ ఫోటో. బడి వరండాలో నేనే తీసిన ఫోటో.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేసింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పుట్టుకతోనే చెవిటివాడు. మిషను పెట్టించి, పక్కన కూర్చుని, ఏళ్ల తరబడి ఒక్కో శబ్దం వినడం, పలకడం నేర్పింది. ఆ అన్నయ్యే ఇప్పుడు ఈ వర్క్‌షాపులో నా పక్క బల్ల దగ్గర అచ్చులు సానబడతాడు. తనకు వచ్చిన విద్య మిగతా తల్లులకు కూడా చెప్పాలని పెద్దమ్మ గ్రూపు పెట్టింది. తన గొంతుతో పాఠాలు రికార్డు చేసి అందులో పెట్టేది. పాపను ముందు కూర్చోబెట్టి, వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని 'ఆ' అనాలి. వినపడితే పాప గిన్నెలో ఒక పూస వెయ్యాలి. తర్వాత 'ఈ', 'ఊ', 'మ్'. చివరికి అన్నిటికన్నా కష్టమైన 'ష్', 'స్'. ప్రతి పాఠం ఒకే మాటతో మొదలయ్యేది. "చెవి ఇటు పెట్టు, బంగారం."

ఆమె గ్రూపుకు పెట్టిన కట్టుబాట్లు రెండు. మొదటిది: ఇక్కడ పిల్లలు, శబ్దాలు తప్ప ఇంకో మాట రాకూడదు. పుట్టినరోజులు లేవు, పూల బొమ్మలు లేవు, పొద్దున్నే పలకరింపులు లేవు. "నేను చచ్చినా ఇక్కడ దండలు వెయ్యకండే. దండల్లో పాఠం కనపడదు" అనేది. రెండోది: పాఠం విన్న ప్రతి తల్లీ దాన్ని తన గొంతుతో తిరిగి చెప్పి గ్రూపులో పెట్టాలి. అదీ పెద్దమ్మ పాఠం కింద పెడితే కుదరదు. విడిగా పెట్టాలి.

ఈ రెండోదాని మీద నాకూ ఆమెకూ ఎప్పుడూ గొడవే. ఒకే పాఠం ఇరవై గొంతుల్లో గ్రూపంతా పరుచుకుని ఉంటే కొత్తవాళ్లకు ఏది ఎక్కడుందో దొరికేది కాదు.

"పెద్దమ్మా, ఇదంతా చెత్తలా ఉంది. నీ పాఠం కింద పెట్టమని చెప్పు, శుభ్రంగా ఉంటుంది" అనేదాన్ని.

"నా కింద కూర్చోబెడితే నా మొహం చూసి చెప్తారు. విడిగా నిలబడితే వాళ్ల నోటితో వాళ్లు చెప్తారు. నువ్వు చీపురు కాస్త అవతల పెట్టు" అనేది.

నేను సందేశం తీసెయ్యడానికి వేలు పెట్టాను. యాప్ తియ్యనివ్వలేదు. గ్రూపు పెట్టినవాళ్ల మాటను తీసేసే అధికారం నిర్వాహకులకు లేదని చిన్న అక్షరాల్లో చూపించింది.

ఈలోగా కింద జవాబులు మొదలయ్యాయి. "టీచర్ గారూ, ఎన్నాళ్లకు మాట్లాడారు!" అని ఒకరు. "నాకొక సీసా కావాలండీ" అని ఒకరు. ఒక పాత సభ్యురాలు మాత్రం "మీరు నిజంగా టీచరుగారేనా?" అని అడిగింది. చూస్తుండగానే ఆ ప్రశ్న మాయమైంది. ఆమె పేరు కూడా గ్రూపులోంచి మాయమైంది.

 అవతల ఉన్నది ఉత్త ప్రకటన కాదు. ఎవరో కూర్చుని చూస్తున్నారు.

గ్రూపులో నాతోపాటు ఇంకో నిర్వాహకురాలు ఉంది. ఆసుపత్రిలో చెవి, ముక్కు విభాగంలో నర్సు. అందరికీ నర్సక్క. ఆమెకు ఫోన్ చేశాను.

"చూశానే" అంది, ఎత్తగానే. "పెద్దమ్మ పాత నంబరు ఏమైంది?"

"వాడకుండా వదిలేశాం. ఆగిపోయింది."

"ఆగిపోలేదు. కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. నంబరు ఎవరి చేతిలో ఉంటే ఖాతా వాళ్లది. మీ పెద్దమ్మ గొంతు నొక్కి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు ఎవడో."

"ఏం చెయ్యాలి?"

"ఉండు, అదే చూస్తున్నా." అటువైపు ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. నర్సక్క వాణ్ని ఊరుకోబెట్టి మళ్లీ మాట్లాడింది. "ఒకటే దారి. నిర్వాహకులిద్దరమూ ఒప్పుకుంటే గ్రూపు పెట్టినవాళ్లను తొలగించొచ్చు. నేను నొక్కాలి, నువ్వు నొక్కాలి. కానీ..."

"కానీ?"

"తొలగిస్తే ఆవిడ పెట్టినవన్నీ, వాటి కింద ఉన్నవాటితో సహా, పోతాయిటే. పాఠాలన్నీ."

గిన్నెలో బిగుసుకున్న గరిటెను పట్టి లాగాను. రాలేదు.

"ఇంకోటి కూడా విను. మనల్ని ముందు వాడు తీసేస్తే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. అడిగినదాన్ని తీసేశాడు. మనం ఎవరమో వాడికింకా తట్టలేదు, అంతే."

ఫోను చెవి నుంచి తీసి చూస్తే గ్రూపులో ఇంకో సందేశం కనపడింది. "టీచర్ గారూ, మందు నిన్ననే పార్సిల్లో వచ్చింది. మీరు విడిగా చెప్పినప్పుడే తెప్పించుకున్నాను. ఈ సాయంత్రం పాపకు మొదలుపెడతాను. మీ దయ."

అది దర్జీ అక్క. పాప పేరడిగితే చిట్టి అని ముద్దుపేరే చెప్పింది. చాలా దూరం నుంచి బస్సులో వచ్చి మొన్ననే పాప చెవికి కొలత ఇచ్చి వెళ్లింది. ఆ కొలత తీసింది నేనే. ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు ఉందని, నీటిబొట్టు కూడా లోపలికి పోకూడదని డాక్టరు చెప్పి పంపారు. అందుకే లోపల దూది అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టి పని చేశాను. ఆ చెవిలో ఈ చుక్కలు.

దర్జీ అక్కకు ఫోన్ చేశాను. వెనక కుట్టుమిషను టకటకమంటోంది.

"అక్కా, చెవి అచ్చుల షాపు నుంచి. ఆ మందు వెయ్యకండి. అది పెట్టింది టీచరుగారు కాదు."

"అదేంటమ్మా? వారం నుంచి నాతో రాస్తున్నారు. చిట్టి ఎలా ఉందని రోజూ అడుగుతున్నారు."

"టీచరుగారు చనిపోయారక్కా. పోయినేడు."

కుట్టుమిషను ఆగింది.

"చనిపోతే గ్రూపులో ఎవరూ చెప్పలేదేం?"

 పాతవాళ్లందరికీ ఫోన్లలో చెప్పాం. గ్రూపులో మాత్రం చెప్పలేదు. పిల్లలు, శబ్దాలు తప్ప ఇంకో మాట రాకూడదు కదా. చావు కబురు కూడా ఇంకో మాటేనని నేనూ నర్సక్కా అనుకుని మౌనంగా ఉండిపోయాం. కొత్తగా వచ్చిన తల్లులు పాఠాలు వింటూ, ఆమె బతికే ఉందనుకుంటూ ఉన్నారు. వాళ్ల ప్రశ్నలకు నేనే జవాబులు రాశాను.

"అది... టీచరుగారి నియమం అక్కా. వేరే విషయాలు పెట్టకూడదని..."

"చావు కూడానా?" అంది. గొంతు మారింది. "చూడమ్మాయ్, నీకు కోపం రావచ్చు కానీ ఒక మాట అడుగుతాను. మిషన్లు అక్కర్లేదంటే మీ షాపు ఏమైపోతుంది?"

"అక్కా, చిట్టి ఎడమ చెవిలో చిల్లు ఉంది, డాక్టరు..."

"డాక్టరూ మీ వాడే" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే మోగింది కానీ ఎత్తలేదు. ఆ తర్వాత మోగడం కూడా మానేసింది. నా నంబరును బ్లాక్ చేసినట్టుంది.

గ్రూపులో గబగబా రాశాను. "టీచరుగారు చనిపోయారు. ఈ మందు ఎవరూ వాడకండి." రాసి కళ్లు ఆర్పేలోగా అది లేదు.

ఇక వాడికి నేనెవరో తెలిసిపోయి ఉంటుంది. నిర్వాహకులను తీసే మీట వేరే చోట ఉంటుంది; అది వాడికి దొరికేలోగానే ఏదో ఒకటి చెయ్యాలి.

అన్నయ్య సానరాయి ముందు వంగి ఉన్నాడు. పొడి మిషన్లలో పడకుండా పనప్పుడు వాటిని తీసి జేబులో పెట్టుకుంటాడు. భుజం తట్టాను. యంత్రం ఆపి, నా పెదవుల వైపు చూశాడు.

"ఏంటి పిచ్చుకా, దెయ్యాన్ని చూసినట్టున్నావ్?"

చిన్నప్పటి నుంచి తక్కువ మాట్లాడతానని నన్ను పిచ్చుక అంటాడు. పిచ్చుకలు రోజంతా అరుస్తాయని ఎన్నిసార్లు చెప్పినా, "నాకు వినపడలేదు" అంటాడు.

ఫోను చూపించాను. చదివాడు. ముందు నవ్వాడు. "అమ్మ చుక్కల మందు అమ్ముతోందా? నాకు జలుబు చేస్తే ఆవిరి పట్టడం తప్ప ఇంకోటి ఎరగదు." తర్వాత దర్జీ అక్క రాసింది చూపించాను. నవ్వు ఆగిపోయింది.

"తీసెయ్."

"తియ్యాలంటే పెద్దమ్మ ఖాతానే తియ్యాలి" అన్నాను, ఒక్కో మాటా విడదీసి. "పాఠాలన్నీ పోతాయి. అన్నీ."

అతను జేబులోంచి మిషన్లు తీశాడు. పొడి అంటిన వేళ్లను చొక్కాకు తుడుచుకుని, నెమ్మదిగా రెండు చెవులకూ పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం అతను ఆ పాఠాల్లో ఒకటి వింటాడని వదిన నాకు ఎప్పుడో చెప్పింది. శబ్దాలు నేర్చుకోవడానికి కాదు.

"మళ్లీ చెప్పు" అన్నాడు. పెదవులు చదివినదాన్ని చెవులతో కూడా విందామనుకున్నాడేమో. మళ్లీ చెప్పాను.

తన బల్ల మీద ట్రేలోకి చూశాడు. అందులో సానబట్టిన అచ్చులు ఉన్నాయి. చిన్న గులాబీరంగు అచ్చు తీసి అంచు మీద బొటనవేలు తిప్పాడు. "ఇది ఆ పాపదే. అంచు గుచ్చుకుంటుందేమోనని పొద్దున మళ్లీ తోమాను."

"అన్నయ్యా, నువ్వు వద్దంటే..."

"నేను వద్దంటే ఆ పిల్ల చెవికి నువ్వు సమాధానం చెప్తావా? నొక్కు."

"ఒక్కటి దాచుకుందాం. నా ఫోన్లో వినిపిస్తాను, నీ ఫోన్లో రికార్డు చెయ్యి. ఒక్కటికి టైముంది. ఏది కావాలి?"

అతను ఆలోచించలేదు. "కుళాయిది."

నాకు తెలుసు అది. 'ష్' శబ్దం పాఠం. పెద్దమ్మ మధ్యలో పాఠం ఆపి, కుళాయి కట్టలేదని కొడుకును తిడుతుంది. తర్వాత నవ్వుతూ ఏదో చెప్తుంది. అది పాఠానికి సంబంధం లేని మాటని, కత్తిరించి పెట్టమని నేను అడిగాను కూడా. "ఉండనీవే, అదీ శబ్దమే" అంది.

వెతికాను. ఒకే పాఠం ఇరవై గొంతుల్లో. ఈమె కాదు, ఈమె కాదు, ఇదీ కాదు.  దొరికింది.

గాలి కంప్రెసరు రొదపెడుతోంది. పరుగెత్తి స్విచ్చి తీసేశాను. గదిలోంచి ఓనరు తల బయట పెట్టాడు. "ఏంట్రా, కరెంటు పోయిందా? ఆర్డర్లన్నీ నెత్తిమీద ఉన్నాయి!"

"పోలేదు సార్. ఒక్క నిమిషం. బతిమాలుతున్నాను" అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ విని ఉండడు. తల లోపలికి వెళ్లిపోయింది.

రెండు ఫోన్లు బల్ల మీద పక్కపక్కన పెట్టాం. నొక్కాను.

"చెవి ఇటు పెట్టు, బంగారం" అంది పెద్దమ్మ. చుట్టూ ఉన్న పొడి, ట్రేలు, గోడ మీద వేలాడే తీగలు, అన్నీ ఆగి విన్నట్టనిపించింది. "ఇవాళ గాలి లాంటి శబ్దం. గొంతు కదలదు. ష్... ష్... వినపడిందా? పూస వెయ్యి. ఒరేయ్ మొద్దూ, కుళాయి..."

నా ఫోను గణగణమంది. పాఠం తెగిపోయింది. నర్సక్క.

కట్ చేసి మళ్లీ మొదటి నుంచి పెట్టాను. "చెవి ఇటు పెట్టు, బంగారం..." మళ్లీ గణగణ. కట్ చేశాను. ఈసారి గ్రూపు తెర మీద ఒక వరస కదిలింది. ఇద్దరు పాత సభ్యుల పేర్లు మాయమయ్యాయి. తర్వాత మూడో పేరు.

మళ్లీ నర్సక్క.

"ఎత్తు" అన్నాడు అన్నయ్య.

"ఇంకా పూర్తిగా..."

"ఎత్తమన్నానా. చాలు." తన ఫోను తీసి జేబులో పెట్టేసుకున్నాడు.

ఎత్తాను. "ఎక్కడ చచ్చావే!" అని అరిచింది నర్సక్క. "వరసగా తీసేస్తున్నాడు. నేను నొక్కేశాను. నీదే ఆలస్యం. నన్ను తీసేశాడంటే నా నొక్కుడూ చెల్లదు!"

తెర మీద ప్రశ్న వచ్చింది. ఈ సభ్యురాలిని తొలగించాలా? ఇది వెనక్కి తీసుకోలేరు. పక్కన బడి వరండాలో పెద్దమ్మ, ఎండకు కళ్లు చిట్లించి.

అన్నయ్య నా వైపు చూడటం లేదు. కిటికీ వైపు చూస్తున్నాడు.

నొక్కాను.

తెర ఒకసారి తెల్లబడింది. మళ్లీ గ్రూపు వచ్చింది. సీసా బొమ్మ లేదు, నవ్వే పసివాడు లేడు. పైన ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు గుండ్రం ఉంది. పక్కన 'ఈ సభ్యురాలు ఇక లేరు' అని ఉంది. ఏడాదిగా మేం చెప్పలేకపోయిన మాట యాప్ చెప్పింది.

దాని కింద నేను రాశాను. టీచరుగారు చనిపోయారని, ఎప్పుడో, ఎలాగో. నంబరు ఎవరి చేతికో పోయిందని. చుక్కలు ఎవరూ వెయ్యొద్దని. దర్జీ అక్క పేరు పెట్టలేదు కానీ, ఈ సాయంత్రం మొదలుపెడతానన్న తల్లికి ఎవరైనా ఫోన్ చెయ్యమని, నా ఫోన్ ఆమె ఎత్తడం లేదని రాశాను.

ఈసారి అది పోలేదు.

తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. "అయ్యో" అని. "నాకు తెలుసు, చెప్పకూడదేమోనని ఊరుకున్నాను" అని. ఎవరో అడిగారు, "టీచరుగారి పాఠాలన్నీ పోయాయా?"  పోయాయని రాయబోయాను.

అంతలో ఒక తల్లి ఎప్పటిదో తన రికార్డును పైకి తెచ్చింది. పక్కనుంచి కోడికూతతో సహా, "చెవి ఇటు పెట్టు, బంగారం. ఇవాళ గాలి లాంటి శబ్దం." ఇంకొకామె తనది తెచ్చింది. ఆమె బొంగురు గొంతుతో, మాట మాటకూ ఆగుతూ. తర్వాత ఇంకొకరు. పాఠాలన్నీ ఉన్నాయి. విడివిడిగా, ఒకదాని కింద ఒకటి కాకుండా, నేను చెత్త అన్న చోటే.

నర్సక్క ఫోన్లో గట్టిగా ముక్కు చీదింది. "నీ చీపురుకు దండం పెట్టాలే. అప్పుడు ఊడ్చెయ్యకుండా ఉన్నందుకు."

దర్జీ అక్క మాత్రం మాట్లాడలేదు. కంప్రెసరు మళ్లీ వేశాను. ముద్ద కలిపాను, పోశాను, మళ్లీ కలిపాను. కిటికీలో ఎండ గోడ ఎక్కింది. సాయంత్రం అంటే ఎప్పుడు? పాప బడి నుంచి వచ్చాకా? దీపాలు పెట్టాకా? అన్నయ్య సానరాయి ముందు కూర్చున్నాడు కానీ మిషన్లు తియ్యలేదు. పొడి పడుతున్నా తియ్యలేదు. నా ఫోను మోగితే తనకూ వినపడాలని.

మోగింది.

"అమ్మాయ్" అంది దర్జీ అక్క. 

"అక్కా, వేశారా?"

"ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. మూత తీశాను. ఎవరెవరో ఫోన్లు... నేనెరగని ఆడవాళ్లు. ఎత్తకపోతే ఇంకొకరు. విసుగొచ్చి ఎత్తాను. ఆవిడ ఏమీ చెప్పలేదు, తిట్టలేదు. 'మా వాడి చెవిలో కూడా చిల్లు ఉండేది, నాకు టీచరు చెప్పిన మాటే నీకు చెప్తాను విను' అని పాఠం మొదలుపెట్టింది. టీచరు అన్నట్టే. అచ్చంగా." ముక్కు ఎగబీల్చింది. "సీసా సింకులో వొంపేశాను. నీ షాపును అన్నాను, మనసులో పెట్టుకోకు."

"లేదక్కా" అన్నాను. అన్నయ్య వైపు తిరిగి తల ఊపాను. అతను మిషన్లు తీసి, వాటి మీది పొడి ఊది, జేబులో పెట్టుకున్నాడు. సానరాయి తిరగడం మొదలుపెట్టింది.

అచ్చు తీసుకోవడానికి ఆ వారంలోనే వాళ్లు వచ్చారు. చిట్టి ఎత్తైన స్టూలు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. గులాబీరంగు అచ్చు ఎడమ చెవిలో ఇమిడిపోయింది. ఎక్కడా గుచ్చుకోలేదు. గొట్టం తగిలించి, మిషను పెట్టాను.

"పనిచేస్తోందో లేదో చూడాలి కదా" అంది దర్జీ అక్క, కాస్త సిగ్గుపడుతూ. సంచీలోంచి స్టీలు గిన్నె, చొక్కా గుండీలు తీసింది. పూసలు దొరకలేదట. గుండీలు పాప గుప్పిట్లో పోసి, వెనక్కి వెళ్లి నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె తిరిగి చెప్పడం అదే మొదటిసారి.

"చెవి ఇటు పెట్టు, బంగారం" అంది.  "ఆ."

గిన్నెలో గుండీ టంగుమంది.

"ఈ." టంగు. "ఊ." టంగు. "మ్." కొంచెం ఆగి, టంగు.

దర్జీ అక్క గాలి పీల్చుకుంది. "ష్."

చిట్టి తల కొంచెం పక్కకు వాల్చింది. కాళ్లు ఊపడం ఆపింది. గుప్పిట తెరిచి గుండీల వైపు చూసుకుంది. వెయ్యలేదు. వెయ్యబోయింది. మళ్లీ ఆగింది.

నా వెనక, మిషన్లు పెట్టుకుని కూర్చున్న అన్నయ్య బల్ల మీద, ట్రేలో పూస వేసినట్టు ఏదో చిన్నది పడిన చప్పుడైంది.

నేను వెనక్కి తిరగలేదు. అంతలో చిట్టి కూడా వేసింది.